సమానం గుర్తు లేని మిషను

వరదరాజులు లెక్క తప్పింది. ఆ తప్పుకు రామలక్ష్మమ్మ చచ్చిపోయింది. ఇందులో వెంకటేశులుకు ఇరవై ఏళ్లకు పైగా ఎలాంటి సందేహమూ లేదు.

ఎవరడిగినా అదే చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు. చౌడేపల్లె బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెప్పాడు. పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకొని నిలబడినవాళ్లకు చెప్పాడు. పుంగనూరులో ఎవరిదో పెళ్లికి పోయి, విస్తరి ముందు కూర్చొని, అన్నం చల్లారిపోతున్నా చెప్పాడు.

రామలక్ష్మమ్మ వెంకటేశులు పెళ్లాం. వరదరాజులు ఆమెకు తమ్ముడు. కుప్పంలో కాపురం. నేలలోకి కరెంటు పంపి, అడుగున రాయి ఉందో మన్ను ఉందో చెప్పే సర్వే పని చేసేవాడు. బావ తన చేనులో బావిని లోతు చేయిస్తానంటే మీటరు, ఇనుప కడ్డీలు, చేతిలో పట్టే లెక్కల మిషను తెచ్చాడు. తల మీద తువ్వాలు కప్పుకొని ఆ మిషనులోకి చూసి, "అడుగున అంతా రాయే బావా. గోడలు వాటంతట అవే నిలుస్తాయి, రాతికట్టు అవసరం లేదు" అన్నాడు. అడుగున రాయి లేదు. వదులు గరుసు మన్ను ఉంది. లోపల గంపకు మన్నెత్తుతున్న రామలక్ష్మమ్మ మీద గట్టు విరిగి పడింది. ఆమెను పైకి తీశాక బావిని పూడ్చేశారు.

అది చాలనట్టు, కర్మాంతరం అయిన వారానికే వరదరాజులు సిగ్గు లేకుండా ఒక తాడు పట్టుకొని మళ్లీ చేనులోకి వచ్చాడు. వెంకటేశులు రాళ్లు విసిరాడు. ఒకటి నుదుటికి తగిలి రక్తం కారింది. వరదరాజులు తాడు చుట్టుకొని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత బావ తన గురించి ఊరూరా చెబుతున్నదంతా చుట్టాల నోట విన్నాడు. ఒక్కసారీ బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడికి బదులెక్కడిది, అనుకున్నాడు వెంకటేశులు.

కిందటేడు వరదరాజులు పోయాడు. వెంకటేశులు చావుకు వెళ్లలేదు. సంవత్సరీకం ఇంకో నెల ఉందనగా వరదరాజులు కూతురు కీర్తన ఫోన్ చేసింది. "నాయన నీకొకటి ఇమ్మన్నాడు మామా. నువ్వే వచ్చి తీసుకోవాలంట."

*

కుప్పంలో ఆ ఇంటి గడప లోపల వెంకటేశులు నీళ్లు కూడా ముట్టలేదు. కీర్తన తెచ్చిన చెంబు బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ముక్కు అచ్చం మేనత్తదే. ఆ ముక్కు వైపు చూడకుండా అతను బల్ల వైపే చూశాడు.

నల్లటి మిషను. అరచేతి కంటే కొంచెం పొడుగు, ఇటుకలా బరువు. బటన్లు నొక్కినప్పుడు ఎండిన కంది కాయ చిట్లినట్టు చప్పుడైంది. పైన చిన్న గాజు కిటికీలో ఎర్రటి అంకెలు వెలిగాయి.

"రెండు నొక్కు మామా. ఇప్పుడు ఈ పెద్ద బటన్. మళ్లీ మూడు. ఇప్పుడు ప్లస్సు."

అయిదు వచ్చింది.

"సమానం యాడుండాది?"

"ఇందులో సమానం లేదు."

"సమానం లేని లెక్క ఏం లెక్క? దొంగ లెక్క."

"కాదు మామా. ముందు అంకెలు రెండూ దాని చేతికివ్వాల. ఆ తర్వాత ఏం చెయ్యాల్నో చెప్పాల. కూరగాయలు ముందు తట్టలో ఏసుకొని, ఆపైన కత్తి పట్టుకుంటాం గదా, అట్ల."

"మీ నాయన చేతిలో కత్తి బాగానే కోసింది."

కీర్తన తల వంచుకొని మళ్లీ బటన్ల మీదికి వేలు తెచ్చింది. "ఇందులో గూళ్లు ఉంటాయి. ఒక్కో గూట్లో ఒక్కో అంకె దాచిపెట్టొచ్చు. ఈ బటన్ నొక్కి, గూటి నెంబరు నొక్కితే దాచింది బయటికొస్తాది. ఇంక ఇది సూడు, 'ఏ' అని ఉండాదే. నాయన దీనికొక లెక్క నేర్పించినాడు. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో ఒక్కసారి వరసగా నొక్కి చూపిస్తే గుర్తు పెట్టుకుంటాది. ఆపైన ఈ ఒక్క బటన్ నొక్కితే సాలు, అంతా అదే చేస్తాది."

"నేర్పించినోడు సచ్చిపోయినా?"

"సచ్చిపోయినా చేస్తాది."

వెంకటేశులు మిషను వైపు చూశాడు. ఎర్రటి అయిదు కదలకుండా అతని వైపే చూస్తోంది.

"అత్త బావికి చేసిన లెక్క ఇంకా ఇందులోనే ఉండాది. ఒకటో గూట్లో కడ్డీకి కడ్డీకి మధ్య దూరం. రెండో గూట్లో మీటరు చూపించిన అంకె. మూడో గూట్లో జవాబు. అది రెండొందలు దాటితే రాయి, లోపలైతే గరుసు. అంతవరకే నాయన నాకు చెప్పినాడు. బ్యాటరీ పూర్తిగా ఆరిపోతే లోపలుండేదంతా పోతాదని రోజూ ఛార్జింగ్ పెట్టేవాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ పెడతానే ఉండాడు."

"నువ్వు సూసినావా?"

"నన్ను చూడొద్దన్నాడు. 'బావే నేర్చుకొని, బావే చూడాల' అన్నాడు."

"సూస్తా. తప్పు యాడుండాదో పట్టుకుంటా. మీ నాయన సంవత్సరీకానికి అందరూ వస్తారు గదా, వాళ్ల ముందరే సెప్తా."

కీర్తన కళ్లెత్తింది. "చెప్పు మామా. చిన్నప్పట్నుంచీ నీ మాట ఊరందరి నోటా వింటాండా. ఇంట్లో నాయన నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. తప్పు ఆయనదే అయితే ఆయనదే అని చెప్పు. నేనూ వింటా. ఈ రెంటి మధ్యలో బతకలేక ఉండా."

వెంకటేశులు మిషనును తువ్వాల్లో చుట్టుకొని లేచాడు. చెంబులో నీళ్లు అలాగే ఉన్నాయి.

*

ఊరి బడిలో నేర్చిన లెక్కలు అతనివి. ఎక్కాలు, కూడికలు, గుణకారాలు, భాగహారాలు. వేలికి చాక్‌పీస్ అంటుకున్నప్పటి సంగతి. ఇంట్లో తలుపు మూసి, గింజల గదిలో కూర్చొని బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు. వెలుతురులో ఆ అంకెలు కనిపించవు. చీకటి కావాలి వాటికి.

మొదట చెయ్యి మాట వినలేదు. రెండు, ప్లస్సు, మూడు అని పాత అలవాటుగానే వేలు పోయింది. మిషను మూడు చూపించి ఊరుకుంది. తిట్టాడు. మళ్లీ నొక్కాడు. ముందు అంకెలు, తర్వాత పని. ముందు అంకెలు, తర్వాత పని. పాలు పితికేటప్పుడు కూడా అదే గొణిగాడు. రెండో రోజుకు కూడిక వచ్చింది. గుణకారం వచ్చింది. గూట్లోంచి అంకె తీయడం వచ్చింది.

అప్పుడు 'ఏ' నొక్కాడు.

ఎర్రటి అంకెలన్నీ ఒక్కసారిగా చెదిరి వణికాయి. కిటికీలో ఏదో పరుగెత్తుతున్నట్టు గీతలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఆ వణుకు నడుమ ఎక్కడో ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు విన్నాడు. ఠంగ్. కొంచెం ఆగి మళ్లీ, ఠంగ్. తలుపు తీసి బయటికి వచ్చి చూశాడు. ఎవరూ లేరు. ఆవు నెమరు వేస్తోంది. గడపారలన్నీ మూలన నిలబెట్టినట్టే ఉన్నాయి.

లోపలికి వచ్చేసరికి వణుకు ఆగింది. ఒక అంకె వెలుగుతూ, ఏదో అడిగి బదులు కోసం కూర్చున్న మనిషిలా ఉంది. చూస్తుండగానే దాని వెలుగు తగ్గింది. చప్పున ఛార్జర్ వైరు గోడకు పెట్టాడు. వైరు మొదట్లో కమిలిన వాసన వచ్చింది. పీకేశాడు.

మిషను ఆరిపోతే వరదరాజులు తప్పు కూడా ఆరిపోతుంది. మొదటి బస్సుకే మదనపల్లె వెళ్లాడు.

బస్టాండు దగ్గర మిక్సీలు, రేడియోలు, వాచీలు బాగు చేసే పాపన్న ఉన్నాడు. టమాటా బాక్సుల లారీలు దారంతా నిలబడి ఉంటే, వాటి సందుల్లోంచి దూరి అంగడికి చేరాడు వెంకటేశులు. పాపన్న మిషనును తిప్పి తిప్పి చూశాడు.

"ఇది యాడ దొరికిందప్పా నీకు? మా నాయన కాలంది మాదిరి ఉండాదే."

"బతికించు."

"కొత్త సెల్లులు ఏస్తే బతుకుతాది. కానీ పాతవి తీసినానంటే లోపలుండేదంతా పోతాది. అప్పుడే పుట్టిన బిడ్డ మాదిరి అయిపోతాది."

"అయితే తియ్యొద్దు."

"మరి యాల తెచ్చినావు, హారతి ఇద్దామనా?"

వెంకటేశులు నవ్వలేదు. పాపన్న తల గోక్కున్నాడు. "సరే, ఈ పాత సెల్లులకే బయట్నుంచి ఒక్క తడవ ఎక్కిస్తా. కొంచేపు ఎలుగుతాది. మళ్లీ తెస్తే మాత్రం నా వల్ల కాదు, సెల్లులు ఉబ్బిపోయినాయి. ఇంతకీ అంతగా ఏముండాదప్పా ఇందులో?"

"మా బామ్మర్ది ఉండాడు."

పాపన్న నవ్వబోయాడు. అతని ముఖం చూసి, తల వంచుకొని వైరు పట్టుకున్నాడు.

*

గింజల గదిలో మళ్లీ కూర్చున్నాడు. ఒకటో గూడు: ఆరు. ఆరు మీటర్ల దూరం. రెండో గూడు: ఎనిమిది. మూడో గూడు: 301.59. రెండొందలకు చాలా పైన. రాయి.

'ఏ' చేసే లెక్కను కాగితం మీద ఎలా వేయాలో కీర్తనను ఫోన్‌లో అడిగి తెలుసుకున్నాడు. దూరాన్ని మీటరు అంకెతో గుణించాలి, దాన్ని రెండుతో, తర్వాత వృత్తాల లెక్కలో వచ్చే 'పై' విలువ 3.14తో. పెన్సిల్ ముక్క పట్టుకొని కిందికి పైకి చూసుకుంటూ వేశాడు. 301 దాటి కొంచెం. మళ్లీ వేశాడు. అంతే వచ్చింది. కోపంతో కాగితం నలిపేశాడు. గుణకారంలో తప్పు లేదు.

మరి ఎక్కడుంది?

ఊరికే నాలుగో గూడు నొక్కి చూశాడు. ఖాళీగా ఉంటుందనుకున్నాడు. 3.00 అని వెలిగింది.

కీర్తన ఈ మూడు సంగతి చెప్పలేదు. 'ఏ' పక్కన 'బి' బటన్ ఉంది. నొక్కాడు. అంకెలు చెదిరాయి. ఠంగ్. ఈసారి బయటికి పోయి చూడలేదు. ఆ చప్పుడు బయటిది కాదని తెలిసిపోయింది. వణుకు ఆగింది.

143.62.

గరుసు.

వెంకటేశులు గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. వరదరాజులు దగ్గర రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి రాయి, ఒకటి గరుసు. గరుసని తెలిసి కూడా రాయి అన్నాడు. ఇన్నేళ్లూ తప్పనుకున్నది తప్పు కూడా కాదు, మోసం. సంవత్సరీకం నాడు కుప్పంలో ఆ ఇంటి నడిమధ్యన నిలబడి ఈ రెండు అంకెలూ చెబుతాడు. అందరూ చేతులు కడుక్కోకుండానే విస్తళ్ల ముందు నుంచి లేస్తారు.

కానీ ఆ మూడేమిటో చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. లేదంటే కీర్తనే అడుగుతుంది. పెరట్లోంచి తాడు తీశాడు. ఆరు మీటర్లకొకటి చొప్పున ముడులు వేశాడు. మిషను తువ్వాల్లో పెట్టుకొని, ఎండలోనే చేనుకు నడిచాడు.

*

సర్వే నాటి వరస అతనికి బాగా గుర్తుంది. గట్టు మీది సరిహద్దు రాయి దగ్గర మొదటి కడ్డీ. అక్కణ్నుంచి బావి వైపు నేరుగా మిగతా మూడు. నాలుగు కడ్డీలకూ మధ్య దూరం సమానంగా ఉండాలని వరదరాజులు పదే పదే చెప్పాడు. మొదటి రెండూ వెంకటేశులే దిగ్గొట్టి, నాలుగోది కొట్టడానికి బావి దగ్గరికి పోయాడు. మూడోది రామలక్ష్మమ్మ కొట్టింది. వరదరాజులు మీటరు పక్కన, తువ్వాలు తల మీద కప్పుకొని, మిషనులోకి వంగి ఉన్నాడు. ఎండలో ఆ ఎర్రటి అంకెలు తువ్వాలు చాటున తప్ప కనబడవు. నడుమ తంగేడు పొదలు. ఆమె ఎక్కడ కొడుతోందో ఇద్దరూ చూడలేదు. చప్పుడు మాత్రం విన్నారు.

వెంకటేశులు తాడు ఒక కొన సరిహద్దు రాయికి కట్టాడు. పూడ్చిన బావి మీద ఇప్పుడు జిల్లేళ్లు మొలిచాయి. వాటి వైపు తాడు లాగుకుంటూ పోయాడు. మొదటి ముడి ఉత్త నేల మీద పడింది. అది రెండో కడ్డీ చోటు. ఇంకో ముడి దాకా లాగాడు. తంగేడు పొద పక్కకు తోశాడు.

ముడి సరిగ్గా పాముల పుట్ట మీద పడింది.

తాడు చేతిలోనే ఉండిపోయింది.

ఏటా నాగుల చవితికి రామలక్ష్మమ్మ ఇక్కడ పాలు పోసేది. పసుపు రాసేది. బిడ్డ కోసం పోసేది, బిడ్డ పుట్టదని ఖాయంగా తెలిసిన తర్వాత కూడా పోసింది. మొగుడు కొడవలి పట్టుకొని ఈ పక్కగా నడిస్తే, "ఇనుము తగిలిస్తావా ఏంది, దూరంగా పో" అని కసిరేది. ఈ పుట్టలో ఆమె ఇనుప కడ్డీ దిగ్గొట్టదు. తమ్ముడు చెప్పినా కొట్టదు. దేవుడు దిగి వచ్చి చెప్పినా కొట్టదు.

పుట్టకు అవతల, బావి వైపు, నేల చదునుగా ఉంది. కొట్టి ఉంటే అక్కడే కొట్టి ఉండాలి. అక్కడికి తాడుతో కొలిచాడు. పుట్ట నుంచి, ముడికీ ముడికీ మధ్య దూరంలో సగం. మూడు మీటర్లు.

ఎండ నెత్తి మీద ఉంది. అయినా మిషను ఇక్కడే, ఇప్పుడే చూడాలి. వంగి తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. వరదరాజులు ఆ రోజు కూర్చున్నట్టే కూర్చున్నాడని ఆలస్యంగా తెలిసింది. తువ్వాలు లోపల చెమట వాసన ఉంది. అది తనది కాదు. పక్కన ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

'బి' నొక్కాడు. అంకెలు చెదిరాయి. ఠంగ్. ఠంగ్. పుట్టకు అవతల నుంచి, పొద వెనక నుంచి, ఆమె గొంతు వచ్చింది. ఆ రోజు ఎలా వచ్చిందో అలాగే, కొంచెం ఆయాసంగా.

"దిగిందిరా వరదా. సూసుకో."

ఆ రోజు కూడా ఆ మాట ఉండాల్సిన చోటు కంటే దగ్గరగా వినబడింది. నాలుగో కడ్డీ దగ్గరున్న తనకు మరీ దగ్గరగా. అప్పుడు పట్టించుకోలేదు. మూడోది నాలుగోదానికి దగ్గరగా జరిగితే మీటరు ఎక్కువ చూపిస్తుంది. గరుసు రాయిలా కనబడుతుంది.

వరదరాజులుకు ఆ రోజు ఒక్క జవాబే ఉంది. రెండోది ఆ తర్వాత వచ్చింది. కర్మాంతరం అయిన వారానికి తాడు పట్టుకొని వచ్చి, ఇదే పుట్ట దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. వెంకటేశులు విసిరిన రాయి అక్కడే తగిలింది. కొలత అప్పటికే అయిపోయి ఉండాలి. ఇంటికి పోయి, కడ్డీ మూడు మీటర్లు జరిగిందన్నది కలిపి మిషనుకు ఇంకో లెక్క నేర్పించాడు. మూడును నాలుగో గూట్లో దాచాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, తన మీద పడిన మన్నును ఆమే తవ్వుకుందని ఊరంతా అనేది. చెప్పకుండా, ఆ మూడు ఆరిపోకుండా, రోజూ ఛార్జింగ్ పెట్టాడు.

143.62 మసకబారింది. మొదట చివరి అంకె పోయింది, తర్వాత మిగతావి. ఒక ఎర్రటి చుక్క కాసేపు మిగిలింది. అదీ పోయింది. పక్కనున్న ఊపిరి కూడా ఆగింది. వెంకటేశులు తువ్వాలు తీయలేదు. ఎండ దిగేదాకా దాని కిందే కూర్చున్నాడు.

*

తాడు చుట్టుకుంటుండగా ఫోన్ మోగింది. కీర్తన.

"లెక్క ఏమైంది మామా?"

"మిషను ఆరిపోయింది."

"ఆరిపోకముందు చూసినావా?"

"సూసినా."

"మరి?"

పుట్ట మీద నీడ పడింది. తాడులోని ముడి ఒకటి తంగేడు కొమ్మకు చిక్కుకుంది. దాన్ని మెల్లగా విడిపించాడు.

"నాయన తప్పేనా మామా? అంతమందికి చెప్పినావు. నాకు ఒక్క మాట చెప్పలేవా? సంవత్సరీకానికి అందరి ముందర చెప్తానంటివి."

"రాను. సెప్పను."

"ఎందుకు? తప్పయితే తప్పను, కాకపోతే కాదను. నేను ఎన్నేళ్లుగా..."

"తప్పని ఇంక అనను. కాదనీ అనను." తాడు భుజానికి తగిలించుకున్నాడు. "మీ నాయన నోరు మూసుకొని బతికినాడు. నేనూ మూసుకుంటా. ఆ బావి పూడ్చి శానా కాలమైంది. ఆ మాట సచ్చేదాకా నా నోట రాదు. నువ్వు గానీ, ఇంకెవురు గానీ, నన్ను అడగొద్దు."